స్కీములో వచ్చిన ఓడ

ఓడ ప్రయాణం మాకు స్కీములో వచ్చింది. మామయ్యకు కర్ణాటకలో, రాయచూరు జిల్లా తుర్విహాళలో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. కంపెనీవాళ్ళు పంటపంటకీ డీలర్లకు ఒక స్కీము పెడతారు. ఇన్ని పెట్టెలు అమ్మితే మిక్సీ, ఇంకొన్ని అమ్మితే ఫ్రిజ్, అన్నిటికన్నా పై మెట్టు ఎక్కినవాళ్ళకు విహారయాత్ర. ఆ ఏడు యాత్ర ఓడ మీద. బుధవారం ముంబయిలో ఎక్కడం, గోవాలో ఒక పూట, కొచ్చిలో ఒక పూట, సోమవారం మళ్ళీ ముంబయిలో దిగడం. డీలరుకూ, వెంట ఒకరికీ ఉచితం. అత్తయ్యకు సింధనూరు బస్సులోనే కడుపులో తిప్పుతుంది. ఓడ అనగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అలా ఆ రెండో చోటు నాకు వచ్చింది.

నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. రెండేళ్ళు ఉద్యోగానికి తిరిగి, దొరక్క, మామయ్య కొట్టులో కంప్యూటరు ముందు కూర్చున్నాను. మా దగ్గర రైతులు మందుకు వచ్చే తీరు ఒకటే. జబ్బు పడ్డ వరి దుబ్బును వేళ్ళతో సహా పీకి, తువాలులో చుట్టి తెచ్చి, బల్ల మీద విప్పి పెడతారు. మామయ్య ఆకును తిప్పి చూసి, వెనక అరలోంచి సీసా తీసి ఇస్తాడు. మోతాదు నోటితో చెప్పేవాడు. నేను వచ్చాక దాన్ని కాగితం మీద ముద్రించి ఇవ్వడం మొదలుపెట్టాను: ఎకరానికి ఎంత, దేనిలో కలపాలి, ఎన్నో రోజున వెయ్యాలి. దాంతో కొందరు నన్ను ఇంజినీరు అని పిలవసాగారు. ఆ పిలుపు నాకు నచ్చేది.

డిసెంబరు ఆఖరుతో స్కీము ముగుస్తుంది. ఓడకు మాకు నాలుగు పెట్టెలు తక్కువ పడ్డాయి. మిగిలిన సరుకు ఒక కలుపు మందు. ఇసుకలో కలిపి, మడిలో పలచగా నీళ్ళు ఉన్నప్పుడు చల్లేది. ఎవరెవరికి ఇవ్వొచ్చో జాబితా తియ్యమన్నాడు మామయ్య. తీశాను. పేరు, ఊరు, ఎకరాలు, ఫోను నంబరు, ఏ వారంలో పైరు పెడతారు, నాటు వేస్తారా వెదజల్లుతారా. ఆరు గడులు. పేజీకి సరిపోక అక్షరాలు చిన్నవి చేయాల్సి వచ్చింది. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని కూడా చదవలేకపోయాడు. అప్పుడు నేను ఆఖరి గడి కనపడకుండా చేశాను. క్యాంపులని పిలిచే మా ఊళ్ళన్నీ కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళవి. మా వాళ్ళందరూ నాటే వేస్తారు. వెదజల్లేది కాలువ చివర, నీళ్ళు ఆలస్యంగా అందే చోట. అక్కడ సేద్యం చేసేవాళ్ళు ఈ నేలలో పుట్టినవాళ్ళు. వాళ్ళు నా జాబితాలో ముగ్గురే. ముగ్గురి కోసం ఒక గడి ఎందుకనుకున్నాను.

ఆ మందు సీసా మీద, లోపలి కాగితం మీద, నాటు వేసిన వరికి మాత్రమే అని రాసి ఉంటుంది. నాటిన పైరుకు అప్పటికే వేరు ఉంటుంది కనక మందు దాన్ని ఏమీ చెయ్యదు. వెదజల్లిన గింజ అప్పుడే మొలకెత్తుతూ ఉంటుంది. మందుకు అదీ ఒకటే, కలుపూ ఒకటే.

ఆ ముగ్గురిలో ఒకాయన మా క్యాంపు ఆసామి పొలం మూడెకరాలు కౌలుకు తీసుకున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. అంతవరకు కూలికి వెళ్ళినవాడు. సొంతంగా సేద్యం అదే మొదలు. ఈ ఒక్క పంటా చూస్తాను, తర్వాత సంగతి తర్వాత అని ఆసామి చెప్పాడని, సీసా తీసుకుంటూ తనే మాతో అన్నాడు. నేను కాగితం ముద్రించి ఇచ్చాను. చదువు రాదు కనక దాన్ని నాతో రెండుసార్లు చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగో రోజు, ఇసుక, పలచగా నీళ్ళు. మూడూ తిరిగి నాకు అప్పజెప్పాడు.

ఓడలో మాకు ఇచ్చిన గది లోపలిది, కిటికీ లేదు. ఎక్కువ పెట్టెలు అమ్మినవాళ్ళకు బాల్కనీ గదులు. మా గదిలో టీవీలో ఒక చానెల్ ఉండేది. ఓడ ముందు భాగంలో పెట్టిన కెమెరా చూపించేదంతా అందులో వచ్చేది. మామయ్య దాన్నే కిటికీ అనుకుని లుంగీ కట్టుకుని దాని ముందు కూర్చునేవాడు. రోజూ సాయంత్రం మరుసటి రోజు కార్యక్రమం అచ్చేసిన కాగితం పక్క మీద పెట్టి వెళ్ళేవారు. నేను పెన్సిలు తీసుకుని మాకు పనికొచ్చేవాటి కింద గీతలు గీసేవాడిని.

మొదటి మధ్యాహ్నం భోజనాల హాలు చూసి మా బృందం కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను అలవాటు కొద్దీ లెక్క వేశాను. రొట్టెలు పదకొండు రకాలు, పచ్చి కూరగాయలు తొమ్మిది, తీపి పదార్థాలు పద్నాలుగు, దోసెల దగ్గర వరస ముప్పై మంది. రాయచూరు జిల్లా డీలర్లం ఇరవై ఇద్దరం. మావాళ్ళు పళ్ళెంలో పులావు పోసి, దాని మీద చేప పెట్టి, చేప మీద గులాబ్ జామూన్ పెట్టుకున్నారు. మళ్ళీ వెళ్తే ఉంటుందో ఉండదో అని. ఉంది. అయిదు రోజులూ ఉంది. పళ్ళేల్లో సగం సగం వదిలేసినవి ఎత్తుకెళ్ళే పనివాళ్ళ ముఖాలు మాత్రం నేను ఒక్కసారీ సరిగా చూడలేదు.

రాత్రి భోజనం ఇంకో హాలులో, బల్లల దగ్గరికే వడ్డన. మా వంతు ఆరున్నరకు. రాయచూరులో ఆ వేళకు టీ తాగుతారు. మా బల్ల మీద నేను, మామయ్య, కంపెనీ ఆఫీసరు, రాయచూరు టౌనులో ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్న ఒక పెద్దాయన. వడ్డించే అతను తెల్లటి గుడ్డ విప్పి ఒళ్ళో పరచబోతే, పెద్దాయన దాన్ని అందుకుని భుజాన వేసుకున్నాడు. సూపులో ఉప్పు లేదని ఫిర్యాదు చేశాడు. ఉప్పు తెచ్చాక సూపే వద్దన్నాడు. నేను కార్యక్రమం కాగితం చూసుకుంటుంటే, "ఏంది ఇంజినీర్, రేపు ఎన్నిసార్లు మింగాల్నో గూడ రాసిపెట్టినవా?" అన్నాడు. రాసిపెట్టాను. పొద్దున్న ఏడుకు ఫలహారం, తొమ్మిదికి గోవాలో దిగడం, నాలుగుకు తిరిగి ఎక్కడం.

గోవాలో దిగేటప్పుడు అందరి చొక్కాలకూ బస్సు నంబరు ఉన్న చీటీ అంటించారు. మాది అయిదు. మావాళ్ళలో సగం మంది జేబుల్లో ఉడికించిన గుడ్లూ అరటిపళ్ళూ ఉన్నాయి. బస్సు రేవు దాటగానే అందరి ఫోన్లూ ఒకేసారి మోగడం మొదలైంది. ముందు రోజు సాయంత్రం నుంచి సిగ్నల్ లేదు. నా ఫోనులో నాలుగు కాల్స్ తప్పిపోయి ఉన్నాయి. నాలుగూ ఆ కౌలు రైతువే. ఆ పొద్దున్నే ఒక ఫోటో, రికార్డు చేసిన ఒక మాట కూడా పంపాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

"ఇంజినీర్ సాబ్, మొలక జెర సూడప్పా. మందు జల్లి మూడు దినాలాయె. ఆకు ఇడుస్తలేదు, మెలి దిరిగి తెల్లగైతుంది. ఏం జెయ్యాలె? రేపు మాపటిదాంక మాకు నీళ్ళున్నయి. జల్ది చెప్పు."

ఫోటో పెద్దది చేసి చూశాను. చూడగానే తెలిసిపోయింది. తెలియలేదని ఇప్పుడు చెప్పుకోవడానికి వీల్లేదు. కనపడకుండా చేసిన ఆ గడి ఎదురుగా వచ్చి నిలబడ్డట్టయింది. చెయ్యాల్సింది కూడా తెలుసు. వెంటనే మడవ తీసి మందు కలిసిన నీళ్ళు బయటికి వదలాలి, కొత్త నీళ్ళు పెట్టాలి, మళ్ళీ వదలాలి, మళ్ళీ పెట్టాలి. ఆ రోజు గురువారం. శుక్రవారం సాయంత్రం దాకా ఆయన వంతు నీళ్ళు కాలువలో ఉన్నాయి. అంటే ముప్పై గంటలు.

మామయ్యకు చూపించాను. "వెదజల్లాడా వాడు? నీ లిస్టులో లేదేంట్రా?" అన్నాడు. ఆ గడి నేనే తీసేశానని చెప్పాను. తిట్టలేదు. ఇంకా ఎంతమంది ఉన్నారని అడిగాడు. ఇద్దరు, వాళ్ళు పైరు పెట్టే వారం ఇంకా రాలేదు, చల్లి ఉండరు అన్నాను. బస్సు ఒక చర్చి ముందు ఆగింది. మామయ్య దిగి, గోడ నీడలోకి వెళ్ళి, ఆ ఇద్దరికీ ఫోను చేశాడు. ఆ సీసాలు వచ్చిన లాటు బాగోలేదట, మూత తియ్యొద్దు, నేను వచ్చాక వేరేవి ఇస్తాను అని చెప్పాడు. పని అయిదు నిమిషాల్లో ముగించాడు. మామయ్య మంచి వ్యాపారస్తుడు.

మరి మూడో ఆయనకు నీళ్ళు తీసెయ్యమని చెప్పనా అన్నాను.

మామయ్య అటూ ఇటూ చూశాడు. కంపెనీ ఆఫీసరు పది అడుగుల దూరంలో ఫోటోలు తీసుకుంటున్నాడు.

"నీళ్ళు తియ్యమన్నావంటే తప్పు మనదని నువ్వే సంతకం పెట్టిచ్చినట్టు. ఇప్పుడు ఫోన్లన్నీ రికార్డవుతాయిరా. వాడు పక్క పొలం వాడికి వినిపిస్తాడు, వాడు ఇంకోడికి. ఇవాళ సాయంత్రం స్టేజీ మీద నా పేరు పిలుస్తారు. సోమవారం దిగాక చూసుకుందాం."

అప్పుడు రాయచూరు పెద్దాయన మా వెనక నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. గుడ్డు పొట్టు తీసుకుంటూ, నా ఫోనులోకి వంగి చూశాడు. ఫోటోను ఒక క్షణం కన్నా ఎక్కువ చూడలేదు.

"చలి అని చెప్పు బేటా. జనవరిల చలి, జూలైల వాన, నడుమ నెలలల్ల రైతు తప్పు. ముప్పై ఏండ్ల సంది మా షాపుల గిదే మందు నడుస్తుంది" అన్నాడు. నవ్వాడు. మామయ్య కూడా నవ్వాడు. మొహం మీద వెలుగు వచ్చింది, సమస్య తీరినవాడికి వచ్చినట్టు.

జనవరిలో చలికి మొలక పసుపు రంగుకు తిరగడం నిజమే. అబద్ధానికి ఆ మాత్రం నిజం దొరికింది. రాసి పంపుదామనుకున్నాను. ఆయనకు చదవడం రాదు. అందుకని నోటితోనే చెప్పాను. "చలి దెబ్బ అన్నా. ఏం కాదు. రెండు రోజులు అలాగే ఉంచు, నేను వచ్చి చూస్తాను." ఎనిమిది సెకన్లు. పంపిన నిమిషంలో విన్నాడు. వెంటనే జవాబు వచ్చింది. "సరే అప్పా. నువ్వు జెప్పినంక నాకు ఫికర్ లేదు."

తర్వాత గోవాలో చూసినవి ఇవి: ఒక చర్చి, ఇంకొక చర్చి, సముద్రం ఒడ్డున కోట, జీడిపప్పు దుకాణం. కోటలో గైడు ఒక తీగకు కట్టిన చిన్న జెండా ఎత్తి పట్టుకుని నడిస్తే దాని వెనక నడిచాం. కోట ఎవరు కట్టారో, నీటి తొట్టి ఎంత లోతో చెప్పాడు. అన్నీ రాసుకున్నాను. నాలుగుకు పది నిమిషాల ముందే ఓడ ఎక్కాం. కార్డు చూపించి లోపలికి వెళ్తుంటే యంత్రం మా ఫోటోలు తెర మీద చూపించింది. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో వాళ్ళకు ఒక్కొక్కరి లెక్కా ఉంది.

ఆ సాయంత్రం సన్మానం భోజనాలతో పాటే జరిగింది. మామయ్యకు శాలువా, గాజు పలక ఇచ్చారు. ఆయన పేరు మైకులో తప్పుగా పలికారు. అయినా రెండు చేతులూ జోడించి అందరివైపూ తిరిగాడు. పదో తరగతి తప్పినవాడు, ఇరవై ఏళ్ళు సైకిలు మీద బస్తాలు మోసి కొట్టు పెట్టినవాడు. ఆయన్ని అలా చూడటం నాకు నిజంగా సంతోషమే. ఆ సంతోషం కూడా ఇప్పుడు చేదుగానే గుర్తుంది.

తర్వాత బల్లల దగ్గర కబుర్లు మొదలయ్యాయి. ఎవరెవరు ఏ ఫిర్యాదును ఎలా తిప్పి పంపారో చెప్పుకున్నారు. దేవదుర్గ వైపు నుంచి వచ్చిన ఒకాయన, పత్తి మాడిపోయిందని వచ్చిన రైతును అసలు ఎన్ని నీళ్ళు కలిపావని పది ప్రశ్నలడిగి, తప్పు తనదేనని ఒప్పించి, ఇంకో సీసా అమ్మి పంపాడట. బల్లంతా నవ్వింది. కంపెనీ ఆఫీసరు అందరికంటే ఎక్కువ నవ్వాడు. మామయ్య నా మోచేతిని తట్టి, తినరా, చల్లారిపోతోంది అన్నాడు.

తిన్నాను. ముందు పుట్టగొడుగుల సూపు, తర్వాత కాల్చిన చేప, బంగాళదుంపలు, ఆఖరున చాక్లెట్ కేకు. మనసు బాగోలేక ముద్ద దిగలేదని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ దిగింది. కేకు రెండోసారి కూడా అడిగాను.

శుక్రవారం పగలంతా సముద్రం. ఎటు చూసినా నీళ్ళే. ఫోనుకు సిగ్నల్ లేదు. రిసెప్షను దగ్గర వైఫై అమ్ముతున్నారు. పొద్దున్న పదింటికి ఆ వరసలో నిలబడ్డాను, ముందు నలుగురు ఉన్నారు. ఇద్దరి పని అయ్యాక వరసలోంచి పక్కకు తప్పుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ నిలబడ్డాను. ఈసారి నా వంతు వచ్చింది. కౌంటర్లో అమ్మాయి ఏం కావాలని అడిగింది. రేపు కొచ్చిలో ఎన్నింటికి దిగుతాం అని అడిగాను. అది కాగితంలో ఉంది, పొద్దున్నే గీత కూడా గీసుకున్నాను. ఆమె ఓపికగా చెప్పింది. థాంక్స్ చెప్పి వచ్చేశాను.

మనసులో వాదనలు వరసగా పెట్టుకున్నాను. చలి కూడా కావచ్చు. ఫోటోలో రంగులు సరిగా రావు. మామయ్య నన్ను కూర్చోబెట్టి అన్నం పెడుతున్నాడు. ఇప్పుడు మాట మారిస్తే నిన్నటి మాట ఎందుకన్నట్టు? ఈ ఆఖరిదే అన్నిటికన్నా గట్టిగా పట్టుకుంది. సాయంత్రం ఆరుకు కాలువ తూము దించేస్తారు. ఆరుకు నేను పై అంతస్తులో ఈతకొలను పక్కన పకోడీలు తింటున్నాను. గడియారం చూసుకున్నాను. అయిపోయింది అనుకున్నాను. సిగ్గుగా ఉన్నా చెప్పాలి, కొంచెం తేలికపడ్డాను.

ఆ తేలిక రాత్రికే పోయింది. శనివారం కొచ్చిలో దిగగానే, బస్సు ఎక్కకుండా రేవు గోడ పక్కన నిలబడి ఆయనకు ఫోను చేశాను. చేపల వలల దగ్గరికి బస్సు బయలుదేరుతోందని మామయ్య కేక వేశాడు. వినపడనట్టు ఉన్నాను.

"అన్నా, నీళ్ళు మార్చాలి. ఉన్న నీళ్ళు మొత్తం వదిలేసి కొత్త నీళ్ళు పెట్టు."

పొలంలోనే ఉన్నట్టున్నాడు, గాలి చప్పుడు వస్తోంది.

"నీళ్ళు నిన్న మాపే బంద్ అయినయి కదప్పా. ఉన్నయి ఇడిస్తే మల్ల యాడికెళ్ళి పెడ్త? పది దినాలు బడ్తది మా వంతు రానీకె."

చలి అంటివి కదా అని అడుగుతాడని ఎదురుచూశాను. అడగలేదు. నువ్వు యాడున్నవు, అన్నం తిన్నవా అని అడిగాడు.

ఆ రోజు కొచ్చిలో వలలు, ఒక పాత ప్యాలెస్, మిరియాల అంగడి చూశాం. ఆదివారం మళ్ళీ సముద్రం. ఆ రెండు రోజుల గురించి నేను రాసుకున్న కాగితంలో ఇంకేమీ లేదు.

మంగళవారం తుర్విహాళ చేరి, బుధవారం పొద్దున్నే పొలానికి వెళ్ళాను. మూడెకరాల్లో రెండున్నర పోయింది. గట్టు పక్కన, మందు సరిగా పడని చోట మాత్రం పచ్చగా మొలిచింది. మిగిలినదంతా బురద, బురదలో తెల్లటి పీలికలు. వంగి కొన్ని పీకి చూశాను. వేరు పుట్టనే లేదు. ఆయన గట్టు మీద నిలబడి నన్నే చూస్తున్నాడు, తువాలు తలకు చుట్టుకుని. అప్పుడు చెప్పాను. మందు తప్పు ఇచ్చామని, అది నాటుకు వేసేదని, వెదజల్లావన్న సంగతి నాకు ముందే తెలుసని, అయినా చూసుకోలేదని.

"నీకు ఎన్నడు ఎరుకైంది?" అన్నాడు.

"గోవాలో. మీరు ఫోటో పెట్టినప్పుడు."

వేళ్ళు మడిచి రోజులు లెక్క పెట్టుకున్నాడు.

"బేస్తారం. బేస్తారం నీళ్ళుండె."

గురువారం నీళ్ళు ఉన్నాయి అన్నాను. అప్పుడు ఆయన, ఆసామి తన మీద కోపంగా ఉన్నాడని చెప్పాడు. పొలం గాలికి వదిలి కూలికి పోయుంటావు అంటున్నాడట. వచ్చే పంటకు వేరేవాళ్ళను చూసుకుంటానన్నాడట. "గీ మాట ఆయన ముంగట చెప్తవా అప్పా? నాకు పైసలేం వద్దు. ఆ మాట చెప్పు సాలు." చెప్తానన్నాను. మరునాడు పొద్దున్న ఎనిమిదింటికి, ఆసామి ఇంటి దగ్గర అని అనుకున్నాం.

నేను వెళ్ళేసరికి మామయ్య అక్కడ ఉన్నాడు. ఆసామి, ఆయన ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్ళు, ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. అరుగు మీద కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతున్నారు. మధ్యలో స్టూలు మీద గోవా జీడిపప్పు పొట్లం. కౌలు రైతు కింద, మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మామయ్య నన్ను కూర్చోమన్నాడు. తర్వాత మామూలు గొంతుతో, "చలి దెబ్బేగా రా?" అన్నాడు.

"కాదు మామయ్యా. మందు తప్పు. నేను ఇచ్చిందే."

మామయ్య కప్పులోకి చూశాడు. ఆసామి మాత్రం ఆశ్చర్యపడలేదు. నిదానంగా కప్పు కింద పెట్టి, మెట్ల వైపు తిరిగాడు.

"మందు తప్పయితే రెండో రోజే తెలిసిపోద్దిగా? నీళ్ళున్నాయి కదా, తీసి మార్చుకోవాల. అది కూడా చూసుకోనోడు సేద్యమేం చేస్తాడు?"

నేను చెప్పాల్సింది ఇంకొక్క మాట మిగిలింది. ఆయన రెండో రోజే చూశాడు, మూడో రోజే నన్ను అడిగాడు, అలాగే ఉంచమన్నది నేను. అంతే. గట్టిగా నాలుగు సెకన్ల మాట. కౌలు రైతు తల ఎత్తి నా వైపు చూశాడు. మామయ్య కూడా చూశాడు. ఆయన చూపులో బెదిరింపు లేదు, ఒక రకమైన అలసట ఉంది. ఇప్పటికి చాల్లేరా అన్నట్టు. నేను జీడిపప్పు పొట్లం వైపు చూశాను.

కౌలు రైతు జేబులోంచి ఫోను తీశాడు. నా గొంతు అందులో ఉంది. బొటనవేలితో తెర మీద ఏదో జరిపాడు, ఆగాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు వినిపించలేదో నాకు ఇప్పటికీ తెలియదు. నా చేతే చెప్పించాలనుకున్నాడేమో. సరే సావుకారీ, వస్త అని మా ముగ్గురికీ కలిపి చెప్పి గేటు దాటి వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు మామయ్య బండి వెనక కూర్చున్నాను. దారిలో ఆపి నాకు ఇడ్లీ పెట్టించాడు.

పొలం వేరొకరికి వెళ్ళింది. ఆ ఎండాకాలం సింధనూరులో ఒక రైసుమిల్లుకు బిల్లు పని మీద వెళ్తే, లారీ దగ్గర బస్తాలు దింపేవాళ్ళలో ఆయన కనిపించాడు. నేను పక్కకు తప్పుకునేలోపు ఆయనే పలకరించాడు. ఒంట్లో ఎలా ఉందని, అత్తయ్య బాగుందా అని అడిగాడు. తువాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇంకా మీ మామ షాపుల్నే ఉన్నవా?"

ఉన్నాను అన్నాను.

తల ఊపాడు. లారీ మీదివాడు కేక వేస్తే వెళ్ళి బస్తా కింద వీపు పెట్టాడు.